ఎవరూ లేని వేళ డిస్క్ మీద రాసేదెవరు?



ఉదయగిరి ఖిలా గురించి, కొండ మీది మసీదుల గురించి ఎప్పుడు రాస్తావని చాలామంది అడుగుతున్నారు. ఇన్షా అల్లాహ్ రాస్తాను. కానీ ఆ తారీఖ్ రాయడానికి నా దగ్గరున్న కాగితాలే చేజారిపోయేంత పని మొన్న రంజాన్‌లో జరిగింది. ముందు ఆ కిస్సా చెప్పాలి. ఇది కంప్యూటర్ కిస్సా. అయినా ఇదీ తారీఖే. లినక్స్ అనే వ్యవస్థ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తిరగేస్తే తప్ప ఆ రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు.

సహరీకి లేచాం. అమ్మీ వంటింట్లో ఉంది. ముందు గదిలో లైటు వెయ్యలేదు. ఆ చీకట్లో కంప్యూటర్ డబ్బా మీది ఎర్ర దీపం టకటకా కొట్టుకుంటోంది. లోపల్నించి గరగరమని చప్పుడు. కుర్చీలో ఎవరూ లేరు. మానిటర్ ఆపేసి ఉంది. తరావీహ్‌కి పోయేముందు స్కాన్ చేసిన కాగితాలు ఒక ఫోల్డర్లో సర్ది, కంప్యూటర్ని అలాగే వదిలేసి పోయాను. అంతే.

"కౌన్ హై బేటా ఉధర్?" అని కేకేసింది అమ్మీ. ఎవరూ లేరమ్మీ అంటే నమ్మలేదు. వచ్చి చూసింది. దీపం కొట్టుకుంటూనే ఉంది. ఆయతుల్ కుర్సీ చదివి కంప్యూటర్ మీద ఊది, ప్లగ్ పీకెయ్యమంది.

ఆత్మకూరు నుంచి సెలవులకి వచ్చిన మా భాంజా ఇంకో మాట చెప్పాడు. "మామూ, ఎవడో హ్యాక్ చేశాడు. మన ఫైళ్లు లాగేస్తున్నాడు." మర్నాడు బజార్లో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన్ని అడిగితే, చూడకుండానే తేల్చేశాడు: "వైరస్ అయ్యుంటది భాయ్. ఫార్మాట్ కొట్టేస్తే పోద్ది."

ఒకే దీపానికి మూడు కారణాలు. జిన్నాత్, దొంగ, వైరస్. మూడూ గుమానే. చూసిన వాళ్లెవరూ లేరు.

డిస్క్‌లో ఉన్న అమానత్

ఆ డిస్క్‌లో సినిమాలో పాటలో ఉంటే నేనూ ఫార్మాట్ కొట్టించేవాణ్ణే. కానీ అందులో ఉన్నది మా అబ్బాజాన్ మర్హూమ్ నోటు పుస్తకాలు. రిటైరయ్యాక ఆయన ఊరూరా తిరిగి రాసుకున్నవి. ఉర్దూలో రాస్తూ, ఊర్ల పేర్లు, ఇంటి పేర్లు తెలుగులో రాసేవారు. ఖిలా మీది ఫార్సీ శాసనాల నకళ్లు, ఖబ్రస్తాన్‌లో చెరిగిపోతున్న పేర్లు, దిలావర్ భాయి వీధిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబాల ముచ్చట్లు. ఆ పనికి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అబ్బాజాన్ రాసుకునే రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు, ఆ వానలకే మా పాత ఇంటి కప్పు కారింది. ట్రంకు పెట్టెలో ఉన్న పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. అప్పటికే కొన్ని స్కాన్ చేసి పెట్టాను. మిగతావి ఆరబెట్టి, ఊడొచ్చిన పేజీలు ఒక్కోటే స్కాన్ చేశాను. తర్వాత కొన్ని పేజీలు ముట్టుకుంటే పొడి అయిపోయాయి. అంటే చాలా పేజీలకి అసలు లేదు. డిస్క్‌లో ఉన్న బొమ్మే అసలు. రెండో నకలు తీద్దాం, తీద్దాం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. తప్పు నాదే.

అబ్బాజాన్‌కి ఒక అలవాటు ఉండేది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, కుడివైపు 'దేఖా' అని, ఎడమవైపు 'సునా' అని రాసుకునేవారు. కళ్లతో చూసింది ఒకవైపు, చెవులతో విన్నది ఒకవైపు. రెండింటినీ కలిపితే తారీఖ్ చెడిపోతుందనేవారు. నేనూ భాంజా ఒక తెల్లకాగితం తీసుకుని అదే గీత గీశాం. 'సునా' కింద జిన్నాత్, దొంగ, వైరస్ అని రాశాం. 'దేఖా' కింద ఒక్క ముక్కే రాయగలిగాం: దీపం వెలుగుతోంది.

మొదటి సవాల్: చదువుతోందా, రాస్తోందా?

హార్డ్ డిస్క్ అంటే తిరిగే పళ్లెం. దాని మీద సూది లాంటి తల అటూ ఇటూ పరుగెత్తుతూ చదువుతుంది, రాస్తుంది. ఐబీఎం కంపెనీ 1956 సెప్టెంబర్‌లో రామాక్ అనే యంత్రంతో మొదటి డిస్క్‌ని బయటపెట్టింది. 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు 50. బరువు టన్నుకి పైమాటే. అంత చేసి పట్టేది 50 లక్షల అక్షరాలు, అంటే ఈనాటి ఫోన్లో తీసే ఒకటి రెండు ఫోటోల పాటి. పరిమాణం మారింది గానీ పద్ధతి మారలేదు. మా ఇంట్లో వినిపించిన గరగర ఆ తల పరుగే. తల ఊరికే పరుగెత్తదు. ఎవరో ఏదో అడిగితేనే కదులుతుంది.

కాబట్టి అడగాల్సిన మొదటి సవాల్: అది చదువుతోందా, రాస్తోందా? లినక్స్‌లో వీఎంస్టాట్ అనే చిన్న కమాండ్ ఉంది. దాన్ని సెకనుకోసారి చూపించమంటే బీఐ, బీఓ అని రెండు గళ్లు కనిపిస్తాయి. బీఐ అంటే డిస్క్ నుంచి లోపలికి వచ్చింది, అంటే చదివింది. బీఓ అంటే డిస్క్ మీదికి పోయింది, అంటే రాసింది. మా కంప్యూటర్లో కొన్ని సెకన్లకోసారి చిన్న చిన్న రాతలు. మధ్యమధ్యలో పెద్ద చదువు. 'దేఖా' కింద రెండో ముక్క చేరింది.

రెండో సవాల్: ఎవరు? చాలా కాలం లినక్స్‌లో దీనికి సరైన జవాబు లేదు. ప్రాసెసర్‌ని ఎవరు ఎంత వాడుతున్నారో టాప్ అనే కమాండ్ చూపించేది గానీ, డిస్క్‌ని ఎవరు ఎంత వాడుతున్నారో లెక్క ఉండేది కాదు. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 కెర్నెల్‌లో ఒక్కో ప్రోగ్రామ్ ఎంత చదివింది, ఎంత రాసింది అనే లెక్క రాయడం మొదలైంది. ఆ లెక్కని తెర మీద చూపించేదే ఐఓటాప్. దీన్ని గియోమ్ షజారాఁ అనే ఆయన తయారుచేశాడు. అది నడుస్తుండగా 'ఓ' అక్షరం నొక్కితే అప్పుడు డిస్క్ ముట్టుకుంటున్న వాళ్లే కనిపిస్తారు. 'ఏ' నొక్కితే మొదట్నుంచీ ఎవరు ఎంత వాడారో మొత్తం చూపిస్తుంది. దీపం ఎప్పుడో ఓసారి మినుకుమంటుంటే ఈ మొత్తం లెక్కే పనికొస్తుంది.

మొదటి షక్: మున్షీ, అతని రోజ్‌నామ్‌చా

ఐఓటాప్‌లో మాటిమాటికీ కనిపించిన పేర్లు రెండు. ఒకటి కేవర్కర్, రెండోది జేబీడీ2. భాంజా ఎగిరి గంతేశాడు. "మామూ, ఈ పేర్లు మనం పెట్టినవి కావు. వీడే దొంగ!"

కాదు. వీళ్లు కెర్నెల్ ఇంట్లో పనిచేసే మున్షీలు.

మన పాత కచేరీ గుర్తు తెచ్చుకోండి. రైతు వచ్చి శిస్తు కట్టగానే మున్షీ లేచి బీరువా తాళం తీసి పెద్ద దఫ్తర్‌లో ఎక్కించడు. చేతిలో ఉన్న చిట్టా మీద రాసుకుంటాడు. పదిమందివి పోగయ్యాక ఒక్కసారి పోయి ఎక్కిస్తాడు. కంప్యూటర్ కూడా అంతే. డిస్క్ నిదానం, మెమరీ వేగం. మీరు ఫైల్ సేవ్ చెయ్యగానే అది ముందు మెమరీలో ఉంటుంది. కాసేపయ్యాక డిస్క్‌కి ఎక్కుతుంది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లోనే ఈ పద్ధతి ఉంది. అప్‌డేట్ అనే చిన్న ప్రోగ్రామ్ 30 సెకన్లకోసారి లేచి, మెమరీలో మిగిలిందంతా డిస్క్‌కి ఎక్కించమని చెప్పి మళ్లీ నిద్రపోయేది. హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన కొత్త వ్యవస్థ గురించి లోకానికి చెప్పాడు. అదే లినక్స్. అందులోనూ ఇదే పద్ధతి వచ్చింది. పని అదే, మున్షీ పేరు మాత్రం మారుతూ వచ్చింది. ఒకప్పుడు బీడీఫ్లష్, తర్వాత పీడీఫ్లష్, 2009 చివర్లో వచ్చిన 2.6.32 కెర్నెల్ నుంచి ఒక్కో డిస్క్‌కి ఒక్కో ఫ్లషర్. ఈరోజు కేవర్కర్ పేరు పక్కన ఫ్లష్ అని కనిపించేది ఆ ఖాందాన్ వారసుడే. మామూలుగా 5 సెకన్లకోసారి లేస్తాడు. 30 సెకన్లు దాటిన రాతల్ని డిస్క్‌కి ఎక్కిస్తాడు.

జేబీడీ2 కథ వేరు. మున్షీ దఫ్తర్‌లో సగం ఎక్కించాక కరెంటు పోతే? మన ఊళ్లలో ఇది రోజూ జరిగే పనే. ఒకప్పుడు లినక్స్‌లో ఈఎక్స్‌టీ2 అనే ఫైల్ వ్యవస్థ ఉండేది. కరెంటు పోయి వస్తే డిస్క్ మొత్తం మొదట్నుంచి చివరిదాకా తనిఖీ జరిగేది. పెద్ద డిస్క్ అయితే చాలాసేపు కూర్చోవాల్సిందే. స్టీఫెన్ ట్వీడీ అనే ఆయన దీనికి ఒక ఉపాయం తెచ్చాడు. పెద్ద దఫ్తర్‌లో మార్చేముందు ఆ మార్పుని పక్కనున్న రోజ్‌నామ్‌చాలో రాసుకోవాలి. కరెంటు పోయి వస్తే రోజ్‌నామ్‌చా చూసి, పూర్తయిన రాతని దఫ్తర్‌కి ఎక్కించాలి, సగంలో ఆగినదాన్ని వదిలెయ్యాలి. ఇంగ్లీషులో దాన్ని జర్నల్ అంటారు. అలా 2001 నవంబర్‌లో ఈఎక్స్‌టీ3 కెర్నెల్‌లోకి వచ్చింది. 2008 డిసెంబర్‌లో ఈఎక్స్‌టీ4 పక్వానికొచ్చింది. జేబీడీ2 దాని రోజ్‌నామ్‌చా రాసే కాతిబ్. రాయాల్సింది ఉంటే 5 సెకన్లకోసారి రాస్తాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐఓటాప్‌లో మున్షీ పేరు కనిపిస్తే మున్షీయే మూలమని కాదు. అతను ఎవరో ఇచ్చిన చీటీ ఎక్కిస్తున్నాడు. ఆ చీటీ ఎవరిదో వేరే వెతకాలి. మా ఇంట్లో అది తెరిచి మర్చిపోయిన బ్రౌజర్. ఏ పేజీలు తెరిచి ఉన్నాయో మాటిమాటికీ రాసుకుంటోంది. మూసేశాం. చిన్న రాతలు చాలావరకు తగ్గిపోయాయి. ఇద్దరు మున్షీలూ బేకసూర్.

రెండో షక్: ఫెహరిస్త్ రాసేవాడు

మర్నాడు పొద్దున కంప్యూటర్ వేసిన కాసేపటికి మళ్లీ దీపం జోరందుకుంది. ఈసారి పేరు అప్‌డేట్‌డీబీ.

ఇది లొకేట్ అనే కమాండ్‌కి ఫెహరిస్త్ తయారుచేసేది. వేల ఫైళ్లలో ఒకటి ఎక్కడుందో వెతకాలంటే డిస్క్ అంతా గాలించాలి. 1983లో జేమ్స్ వుడ్స్ అనే ఆయన దీనికి దారి చూపించాడు. రాత్రిపూట ఎవరూ లేనప్పుడు ఒకసారి డిస్క్ అంతా తిరిగి ఫైళ్ల పేర్లన్నీ ఒక ఫెహరిస్త్‌లో రాసిపెట్టుకుంటే, పగలు అడిగినప్పుడు ఫెహరిస్త్ చూస్తే చాలు. పెద్ద కంప్యూటర్లు రాత్రంతా నడిచే కాలం అది. మన ఇళ్లలో రాత్రి ఆపేస్తాం. అందుకని ఎనాక్రాన్ అనేది, రాత్రి తప్పిపోయిన పనిని పొద్దున కంప్యూటర్ వెయ్యగానే చేయిస్తుంది. కజా నమాజ్ లాగా అన్నాడు భాంజా. నవ్వాను గానీ పోలిక బాగానే ఉంది. కాసేపు నడిచి దానంతటది ఆగిపోయింది. వీడూ బేకసూర్.

మూడో షక్: చదివినా రాసే అలవాటు

ఇంకో వింత కూడా ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను. యూనిక్స్‌లో మొదట్నుంచీ ఒక ఆచారం ఉంది. ఒక ఫైల్‌ని ఎవరైనా చదివితే, చదివిన సమయాన్ని ఆ ఫైల్ మీద రాయాలి. దీని పేరు ఏటైమ్. అంటే ఊరికే చదివినా డిస్క్ మీద రాత పడుతుంది. 2007 ఆగస్టులో కెర్నెల్ రాసేవాళ్ల మధ్య దీని మీద పెద్ద బహస్ నడిచింది. ఈ ఒక్క ఆచారం వల్ల లినక్స్ ఎంత నెమ్మదిస్తోందో చూడండని ఇంగో మోల్నార్ గట్టిగా వాదించాడు. 2009 జూన్‌లో వచ్చిన 2.6.30 నుంచి రెల్‌ఏటైమ్ అనే మధ్యేమార్గం మామూలు పద్ధతి అయింది. ఫైల్ మారిన తర్వాత మొదటిసారి చదివినప్పుడు గానీ, పాత గుర్తుకి ఒక రోజు దాటినప్పుడు గానీ మాత్రమే కొత్త సమయం రాస్తుంది.

2007లోనే ల్యాప్‌టాప్‌లలో ఉబుంటు వాడేవాళ్లు మరో గొడవ లేవనెత్తారు. కరెంటు పొదుపు కోసం డిస్క్ తన తలని కొన్ని సెకన్లకే పక్కన పెట్టేసేది. ఇంతలో మున్షీ లేచి ఏదో రాసేవాడు, తల మళ్లీ బయటికి వచ్చేది. రోజంతా టిక్కు టిక్కు. ఆ తల అలా దిగి ఎక్కడానికి కొన్ని లక్షల సార్లని ఒక లెక్క ఉంటుంది. అది త్వరత్వరగా కరిగిపోతోందని జనం గాబరా పడ్డారు. కారణం లేనట్టు కనిపించే దీపం వెనక డిస్క్ ఆయుష్షు కూడా ఉండొచ్చని నాకు అప్పుడు తట్టాల్సింది. తట్టలేదు.

నాలుగో షక్: ఒకే ఫైల్ దగ్గర ఆగిపోయినవాడు

ముగ్గురు షక్‌దారులూ బయటపడ్డాక కూడా పెద్ద చదువు ఆగలేదు. దీపం ఒక్కోసారి కొట్టుకోవడం మానేసి నిలకడగా వెలిగేది. ఆ కాసేపూ మౌస్ కూడా కదిలేది కాదు. ఐఓటాప్‌లో పేరు ట్రాకర్. ఫోల్డర్లలో ఉన్న బొమ్మలు, కాగితాలు, పాటలు ఒక్కోటే తెరిచి, వెతకడానికి వీలుగా వివరాలు రాసుకునే ప్రోగ్రామ్ ఇది. తరావీహ్‌కి పోయేముందు స్కాన్లన్నీ కొత్త ఫోల్డర్లోకి మార్చాను కదా. వాటినే చదువుతోంది. అంతవరకూ న్యాయమే. కానీ మూడు రోజులైనా ఎందుకు పూర్తి కాలేదు?

మూడో సవాల్: ఏ ఫైల్? దీనికి ఎఫ్ఏట్రేస్ అనే కమాండ్ ఉంది. ఉబుంటు కోసం పనిచేసిన మార్టిన్ పిట్ రాసింది. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ని తెరిచింది, చదివింది, రాసింది, మూసింది అన్నీ వరసగా తెర మీద చెబుతూ పోతుంది. చూస్తూ కూర్చున్నాం. ట్రాకర్ ఒక ఫైల్ తెరుస్తుంది. దీపం నిలిచిపోతుంది. చాలాసేపటికి వదిలేస్తుంది. కాసేపయ్యాక మళ్లీ అదే ఫైల్. మళ్లీ అదే.

అది అబ్బాజాన్ ఆరో నోటు పుస్తకంలో ఒక పేజీ.

నేను దాన్ని తెరవబోయాను. సగం బొమ్మ వచ్చింది, కింద సగం బూడిద రంగు. అప్పుడు గానీ నాకు భయం వెయ్యలేదు. కెర్నెల్ తనకి ఎదురైన ఇబ్బందులన్నీ ఒకచోట రాసుకుంటుంది. డీమెసేజ్ అనే కమాండ్ కొడితే అది కనిపిస్తుంది. అక్కడ వరసగా ఒకే ఫిర్యాదు: ఫలానా సెక్టర్ దగ్గర చదవడం సాధ్యం కాలేదు.  కెర్నెల్ అర్జీ పెడుతూనే ఉంది, నేనే చూడలేదు.

ఆఖరి సవాల్ డిస్క్‌నే అడిగాను. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే లెక్క రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ కొడితే పైన ఒక్క మాటలో 'పాస్డ్' అని వచ్చింది. భాంజా ఊపిరి పీల్చుకున్నాడు. కిందికి చదవమన్నాను. 197వ వరస, కరెంట్ పెండింగ్ సెక్టర్. చదవలేకపోయిన ముక్కలు ఎన్ని ఉన్నాయో చెప్పే గడి. అక్కడ సున్నా ఉండాలి. మాకు 24 ఉంది. సాయంత్రానికి 40 అయింది.

అంటే దొంగ లేడు, వైరస్ లేదు. డిస్క్ కన్నుమూస్తోంది. ట్రాకర్ పాడు చెయ్యలేదు, పాడైన చోటుని చూపించింది. నేను చేసిన తప్పు వరస మార్చడం. డిస్క్ పాతది. ముందు దాని గవాహీ, కెర్నెల్ అర్జీ చూసి, తర్వాత మిగతా వాళ్లని అడగాల్సింది. మూడు రాత్రులు తహ్‌కీక్ పేరుతో చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని ఇంకా పరుగెత్తించాను.

ఆత్మకూరు ప్రయాణం

వెంటనే కంప్యూటర్ ఆపేశాం. ఆత్మకూరులో మా దుల్హాభాయ్‌కి డీటీపీ సెంటర్ ఉంది. యూపీఎస్ ఉంది, ఖాళీ డిస్క్ ఉంది. మా డిస్క్‌ని తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయాను. రోజా ఉన్నాను. దారంతా ఎత్తు పడినప్పుడల్లా గుండె ఝల్లుమనేది.

అక్కడ కంప్యూటర్ని పెన్‌డ్రైవ్ మీది లినక్స్‌తో నడిపాం. పాత డిస్క్‌ని మౌంట్ చెయ్యలేదు, దాని మీద ఒక్క అక్షరం కూడా రాయనివ్వలేదు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్ని కొత్తదానికి నకలు తీశాం. ఆంటోనియో డియాజ్ డియాజ్ అనే ఆయన రాసిన ఈ ప్రోగ్రామ్‌లో పెద్ద తెలివి ఒకటుంది. పాడైన చోట ఆగి కూర్చోదు. దాన్ని గుర్తు పెట్టుకుని దాటిపోయి, ముందు బాగున్నదంతా కాపాడుతుంది. ఆ తర్వాతే పాడైన చోట్లకి తిరిగొచ్చి కొంచెం కొంచెంగా రాబడుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అక్కణ్నించే మొదలుపెట్టొచ్చు.

ఇఫ్తార్ అయింది, తరావీహ్ అయింది, సహరీ వేళకి పని పూర్తయింది. అల్హమ్దులిల్లాహ్, దాదాపు అంతా వచ్చింది. పోయింది ఒక్క పేజీ. ట్రాకర్ ఆగిపోయిన ఆ పేజీయే.

ఆ పేజీలో ఏముందో నాకు తెలుసు. 1839.

ఉదయగిరి కోటని 1514లో గజపతుల నుంచి కృష్ణదేవరాయలు గెలిచాడు. తర్వాత గోల్కొండ పాలన, ఆ తర్వాత ఆర్కాటు నవాబుల కాలం వచ్చాయి. 1801లో నెల్లూరు సీమ కంపెనీ చేతికి పోయాక కూడా ఉదయగిరి జాగీరు మిగిలింది. 1839లో హైదరాబాద్‌లో నిజాం సోదరుడు ముబారిజుద్దౌలా, కర్నూల్లో నవాబు గులాం రసూల్ ఖాన్ కంపెనీ మీద కుట్ర చేస్తున్నారని ఇల్జామ్ వచ్చింది. కర్నూలు నవాబు రాజ్యం పోయింది. అదే ఏడు ఉదయగిరి జాగీర్దారుని కూడా కుట్రదారని చెంగల్పట్టుకి పంపేశారు, జాగీరు లాక్కున్నారు. కంపెనీ రాసిందే మనకి పుస్తకాల్లో మిగిలింది. ఊళ్లో పెద్దలు తరతరాలుగా చెప్పుకున్న మాటల్ని అబ్బాజాన్ ఆ పేజీలో రెండు వరసల్లో రాశారు. దేఖా, సునా. ఆ ముసలివాళ్లు ఇప్పుడు లేరు. అబ్బాజాన్ లేరు. పేజీ వానకి పోయింది. బొమ్మ డిస్క్‌తో పోయింది.

నేను తల పట్టుకుని కూర్చుంటే ఆపా చాయ్ తెచ్చింది. ఏ పేజీ రా అని అడిగింది. చెప్పాను. ఏమీ మాట్లాడకుండా తన ఫోన్ తీసుకొచ్చి వెనక్కి వెనక్కి జరుపుతూ పోయింది. నాలుగేళ్ల కింద నేనే ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి, అబ్బాజాన్ దస్తూరీ చూడు ఆపా అని వాట్సాప్‌లో పంపానట. నాకు గుర్తే లేదు. ఫోన్ మార్చినప్పుడు నా దగ్గర పోయింది. ఆమె దాచుకుంది. పేజీలో రాసిన విషయం కోసం కాదు, అబ్బాజాన్ చేతిరాత కోసం. కొంచెం మసకగా ఉంది. కానీ ప్రతి అక్షరం చదవొచ్చు.

నేను తారీఖ్ కోసం దాచింది పోయింది. ఆపా మొహబ్బత్‌తో దాచింది మిగిలింది.

కొత్త డిస్క్, పాత దీపం

ఈద్ తర్వాత ఉదయగిరిలో కొత్త డిస్క్ పెట్టి, ఫార్మాట్ చేసి, ఫైళ్లన్నీ ఎక్కించాం. రాత్రి అందరూ పడుకున్నాక దీపం మళ్లీ మొదలైంది. టకటకా, టకటకా. భాంజా పరుగెత్తుకొచ్చాడు. "మామూ, మళ్లీ!"

నిజం చెప్పొద్దూ, నాకూ గుండె జారింది. కానీ ఈసారి వాడే కాగితం తీసి గీత గీశాడు. ముందు స్మార్ట్ చూశాడు. 197వ వరసలో సున్నా. డీమెసేజ్ చూశాడు. ఫిర్యాదులేం లేవు. ఆ తర్వాతే ఐఓటాప్ వేశాడు. అక్కడ ఒకే పేరు, ఈఎక్స్‌టీ4లేజీఇనిట్.

పెద్ద డిస్క్‌ని ఫార్మాట్ చేసేటప్పుడు ఫైళ్ల పట్టికల కోసం ఉంచిన ఖాళీ గళ్లన్నీ అప్పుడే తుడవాలంటే చాలాసేపు పడుతుంది. అందుకని కొత్త లినక్స్ ఆ పనిని వాయిదా వేస్తుంది. డిస్క్‌ని మొదటిసారి వాడటం మొదలుపెట్టాక, వెనకాల తీరిగ్గా తుడుచుకుంటూ పోతుంది. కొత్త ఇంట్లో దిగాక ఒక్కో గదీ కడుక్కున్నట్టు. గంటల తరబడి పట్టొచ్చు. అయిపోయాక మళ్లీ రాదు. వాడు 'దేఖా' కింద ఆ పేరు రాసి, అమ్మీ దగ్గరికి పోయి చెప్పాడు: "నానీమా, ఇల్లు కడుగుతోందంతే." అమ్మీ అయినా ఒకసారి ఊదింది. దానికి నేనేమీ అనలేదు.

ఇంట్లో పిల్లలు లినక్స్ వాడుతుంటే వాళ్లకి ఈ వరస చెప్పండి. కారణం తెలియని దీపం కనిపిస్తే ముందు అమానత్‌కి నకలు ఉందో లేదో చూసుకోవాలి. తర్వాత డిస్క్ గవాహీ, కెర్నెల్ అర్జీ. ఆ తర్వాత ఎవరు, ఏ ఫైల్. ఫార్మాట్ మాట అన్నిటికంటే ఆఖర్న. చూడకుండా చెప్పినవాడి మాట, ఎంత పెద్దవాడైనా, 'సునా' కిందే రాయాలి.

ఇప్పుడు అబ్బాజాన్ నోటు పుస్తకాలు మూడు చోట్ల ఉన్నాయి. ఉదయగిరిలో ఒకటి, ఆత్మకూరులో ఒకటి, ఆపా ఫోన్లో కొన్ని. 1839 పేజీని విప్పి తెలుగులో రాస్తున్నాను. వచ్చేసారి అదే. అందులో ఏది దేఖా, ఏది సునా అన్నది అబ్బాజాన్ గీసిన గీత ప్రకారమే ఉంటుంది. అల్లాహ్ ఆయన్ని మన్నించుగాక. మీ ఇళ్లలో కూడా ఇలాంటి కాగితాలుంటే ఈ వారమే నకలు తీసి, ఇంకో ఊళ్లో ఉన్న చెల్లికో అక్కకో పంపండి.

ఖుదా హాఫిజ్.